మింగని ముద్ద

తప్పులుంటే మన్నించండి. ఒత్తులు నాకింకా లొంగలేదు. ఒక పేజీ రాయడానికి రెండు రోజులు పడుతుంది. అరవై దాటాక పలక పట్టినదాన్ని. పక్క గదిలో ఉండే వరూధినమ్మ నేర్పింది. ఆమె దిద్దినవి పోగా మిగిలిన తప్పులు నావి.

పదకొండేళ్ల కిందట, 1997లో, కన్నడ సీమలోని ఫ్యాక్టరీల పేట పీణ్యలో కూలీల పిల్లల బాలవాడిలో ఆయాగా ఉండేదాన్ని. రేకుల షెడ్డు, ఇరవై రెండు మంది పిల్లలు, జెస్సీ అనే టీచరమ్మ. పక్క షెడ్డులో లేత్ మిషన్ల మోత ఆగేది కాదు. పదిన్నరకు ఆ మోతలోనే పిల్లలు గుండ్రంగా కూర్చునేవారు. అన్నం తినే తట్టలు ముందు, చేతులు ఒళ్లో. నేను మధ్యలో కూర్చుని మొదటి ముద్ద తినాలి. అప్పుడు అందరూ ఒక్క గొంతుతో అడిగేవారు.

"అవ్వా, ఎట్లుండాది?"

"కమ్మగా ఉండాది, తినండప్పా."

ఆ మాట వినేదాకా ఒక్క చెయ్యీ లేచేది కాదు. తర్వాత జెస్సీ మిస్సు ఒక రిజిస్టరులో నా వేలిముద్ర వేయించుకునేది. అందులో ఏం రాసి ఉందో నేనెప్పుడూ అడగలేదు.

అది శ్రావణమాసం, రెండో శనివారం. మా ఆయన పోయినప్పటి నుంచి ఆ శనివారాలు నేను పగలంతా ఏమీ తినను. సాయంత్రం దీపం పెట్టాకే ముద్ద. మామూలుగా శనివారం పిల్లలకు అరటిపండ్లే కాబట్టి నా ఉపవాసానికి అడ్డం ఉండేది కాదు. ఆ రోజు మాత్రం షెడ్డు యజమాని రామాంజినప్ప ఇంట్లో ముందురోజు పూజకు చేసిన పులిహోర మిగిలిందని పెద్ద ఇత్తడి గిన్నెతో పంపించారు.

వడ్డించేటప్పుడే చూశాను. గిన్నె లోపల కళాయి పోయి, అక్కడక్కడ ఇత్తడి పసుపుగా బయటపడి ఉంది. పులుపు రాత్రంతా దాంట్లోనే ఉంది. ఒక్క మెతుకు నాలుక మీద పెట్టుకుంటే తెలిసిపోయేది. కానీ శనివారం.

ముద్ద పెదవుల దాకా ఎత్తాను. దవడ ఆడించాను. ముద్దను చీర కుచ్చిళ్లలోకి జారవిడిచాను.

"అవ్వా, ఎట్లుండాది?"

"కమ్మగా ఉండాది, తినండప్పా."

చేతులు లేచాయి. నా ఎదురుగా కూర్చున్న అర్పిత మాత్రం చెయ్యి తీయలేదు. మా వీధిలో కూలికి పోయే పిల్లమ్మ కూతురు, నాలుగేళ్లది.

"అవ్వా, నీ గొంతు కదల్లే."

పక్కనున్న దర్శన్ నవ్వాడు. "దీనికి గొంతులు చూసేదే పని."

"ముద్ద చీరలో పడింది. నేను చూస్తి."

జెస్సీ మిస్సు తలెత్తింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"నోరు మూసుకొని తినే. తట్ట ఖాళీ చేసిందాకా లేస్తే చూడు."

ఆ గొంతుతో నేనెప్పుడూ పిల్లలతో మాట్లాడి ఎరగను. మిగిలినవాళ్లు చేదని నాలుగు మెతుకులు కెలికి వదిలేశారు. అర్పిత నా మొహమే చూస్తూ మెతుకు మిగలకుండా తినింది.

పావుగంటకే కక్కడం మొదలుపెట్టింది. ఆగలేదు. చేతులు చల్లబడ్డాయి. జెస్సీ మిస్సు బిడ్డను ఎత్తుకుని ఆటో ఎక్కింది. ఇంకో ఇద్దరు కూడా కక్కారు. దాన్ని చూసి కక్కారని పెద్దవాళ్లు తర్వాత అన్నారు.

అప్పుడు దాని తట్టకు అంటుకున్న పసుపును వేలితో తీసి నాకాను. చిలుము. నాలుక మొద్దుబారింది.

ఆసుపత్రి నాలుగు వీధుల అవతలే. పరుగున పోయి డాక్టరుకు చెప్పి ఉండవచ్చు. నేను పోలేదు. పులిహోరను కాలువలో పోశాను. గిన్నెను చింతపండుతో, బూడిదతో తోమాను. మధ్యాహ్నం రామాంజినప్ప మనిషి వచ్చి తీసుకుపోయేటప్పటికి అది తళతళలాడుతోంది.

సోమవారం రామాంజినప్ప అందరి ముందూ రిజిస్టరు తెరిచాడు.

"ఆయమ్మ తినింది. వేలుముద్ర ఉండాది, చూడండి. ఆమె గుండ్రాయి మాదిరి ఉండాది కదా." పిల్లమ్మ వైపు తిరిగాడు. "పొద్దున బిడ్డకు ఏం పెడితివమ్మా?"

"రాత్రి మిగిలిన సంగటి, అన్నా."

"ఇంకేముందప్పా."

పిల్లమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను.

అర్పిత బతికింది. పదో రోజున వచ్చి అదే చోట కూర్చుంది. అందరూ "ఎట్లుండాది" అని అడిగితే దాని పెదవులు కదల్లేదు. నా గొంతు చూసింది. నేను మింగాను. అయినా చెయ్యి ఎత్తలేదు. రెండో ముద్ద మింగాను. మూడోదీ మింగాను. అప్పుడు తినింది. ఆ తర్వాత రోజూ అంతే. వీధిలో వాళ్లమ్మకు "సద్ది పిల్లమ్మ" అని పేరు పడింది. కొళాయి దగ్గర ఆడవాళ్లు తమ బిడ్డలను ఆమె దగ్గరికి పోనిచ్చేవారు కాదు. దసరాకు ముందే మొగుడు సంసారాన్ని మహదేవపురకు మార్చేశాడు.

పోయిన నెల జెస్సీ మిస్సు ఇంటికి పోయాను. పాత రిజిస్టర్లు ఆమె ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. కన్నడమే అయినా, ఆ అక్షరాలు మన అక్షరాలకు అక్కచెల్లెళ్లు కదా, ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. "నేను తిని చూశాను. పిల్లలకు పెట్టవచ్చు." దాని కింద నా వేలు. పక్కన ఇంకా పసుపు మరక.

పిల్లమ్మా, నీ సంగటిలో ఏమీ లేదు.

అర్పితకు ఇప్పుడు పదిహేనేళ్లు, చదువు వచ్చు. జెస్సీ మిస్సు దగ్గర వాళ్ల ఇంటి గుర్తులు తీసుకున్నాను. వచ్చే ఆదివారం ఈ కాగితాలు దాని చేతికే ఇచ్చి, ఎదురుగా కూర్చుంటాను. వాళ్లమ్మకు గట్టిగా చదివి వినిపించమంటాను. చదివాక అది నా గొంతు వైపే చూస్తుంది. నాకు తెలుసు.

మునివెంకటమ్మ
అరవై మూడేళ్లు
హెబ్బగోడి