డ్రమ్‌కెల్లో దొరతనం ఎలా పోయింది

డ్రమ్‌కెల్లో ప్రభువుల వంశ చరిత్ర రాసిన పెద్దమనుషులందరూ చివరికొచ్చేసరికి ఒకే ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. గిల్బర్ట్ ప్రభువు పెళ్లి కాకుండానే పోయాడట, బిరుదు ఆయనతోనే అంతరించిందట. శుద్ధ అబద్ధం. అది అబద్ధమని అందరికంటే బాగా తెలిసిన మనిషి ఎల్స్పెత్ డ్యూరీ.

ఎల్స్పెత్ తండ్రి దివాణంలో పెత్తనం చేసేవాడు. ఆమె గిల్బర్ట్‌తో కలిసి ఆడుకుంటూ పెరిగింది. కోతలయ్యాక జరిగే పండగలో ఆయన మొదటి చిందు ఎప్పుడూ ఆమెతోనే వేసేవాడు. ఒకసారి చలేస్తోందంటే తన గళ్ల శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పాడు కూడా. ఇంకేముంది, కోటలో ఏ గదికి ఏ తెరలు కట్టించాలో ఎల్స్పెత్ మనసులో తేల్చేసుకుంది. ఆయన నోటి వెంట మాట రావడమే తరువాయి.

మాట వచ్చింది. కాకపోతే ఇంకొకత్తె గురించి.

ఒక మధ్యాహ్నం ఆయన ఎల్స్పెత్‌ను పాలగదిలోకి పిలిచాడు. అక్కడ గుర్రాలు చూసుకునే నినియన్, వెన్న తీసే మేరియన్ గౌ నిలబడి ఉన్నారు. మేరియన్ కమ్మరి కూతురు. మోచేతుల దాకా మజ్జిగ. ఆయన ఆ తడి చెయ్యే పట్టుకున్నాడు.

"మీరిద్దరూ సాక్షులు. ఈమె నా భార్య."

"ఈయన నా భర్త," అంది మేరియన్.

అంతే, పెళ్లయిపోయింది. మా వైపు పెళ్లికి పాదిరీ అక్కర్లేదు, ఉంగరం అక్కర్లేదు. ఇద్దరు వినగా ఆ రెండు ముక్కలూ అంటే చాలు, రాజుగారు కూడా విడదీయలేరు. తన తల్లి బతికుండగా ఈ సంగతి బయటపెట్టొద్దని గిల్బర్ట్ బతిమాలాడు. "నీకంటే నమ్మకమైనవాళ్లు నాకెవరున్నారు ఎల్స్పెత్?" అన్నాడు.

ఎల్స్పెత్ నవ్వి తలూపింది. ఇంటికెళ్లి దిండులో మొహం దాచుకుని ఏడ్చింది. ఏడుపు కొన్నాళ్లకు ఆగింది గానీ కడుపుమంట ఆగలేదు. మేరియన్ దొరసాని అయ్యుండి దొరసానిలా కులకనైనా కులకదే! కులికితే హాయిగా తిట్టుకోవచ్చు. ఎప్పట్లాగే వెన్న తీసి, ఒక ముద్ద పట్టుకొచ్చి, "ఉప్పు సరిపోయిందా అక్కా, చూడవూ," అనేది. ఉప్పు సరిపోయేది. ఆ వెన్న అంత బాగుండటాన్ని కూడా ఎల్స్పెత్ క్షమించలేకపోయింది.

ఆ శీతాకాలంలో గడ్డకట్టిన బాట మీద గుర్రం జారిపడి గిల్బర్ట్ పోయాడు. ఆ దిగులుతో తల్లీ పోయింది. నినియన్ సైన్యంలో చేరి సముద్రం దాటి, అక్కడే చచ్చిపోయాడు. వసంతంలో మేరియన్‌కి మగపిల్లాడు పుట్టాడు. డ్రమ్‌కెల్లో బిరుదు కన్నకొడుకులకే తప్ప పక్క చుట్టాలకు దక్కదు. పెళ్లి నిజమైతే పొత్తిళ్లలో ఉన్నవాడే ప్రభువు. కాకపోతే ప్రభువనేవాడే ఇక లేడు.

వ్యవహారం ఎడింబరో కోర్టుకెక్కింది. గిల్బర్ట్ మేరియన్‌ను భార్యలాగే చూసుకున్నాడని పనివాళ్లంతా చెప్పారు. కానీ పెళ్లి మాటలు విన్న మనిషి ఎల్స్పెత్ ఒక్కతే మిగిలింది. నిజం చెప్పాలనే ఆమె ఇంట్లోంచి బయల్దేరింది. కోర్టులో అడుగుపెట్టేసరికి మేరియన్ ఎదురుగా కూర్చుని ఉంది. పిల్లాడికి చుట్టిన గుడ్డ గిల్బర్ట్ గళ్ల శాలువా. దాన్ని చూడగానే ఎల్స్పెత్‌కు ఒళ్లు భగ్గుమంది.

ప్రభువు ఏమన్నాడని వకీలు అడిగాడు.

"ఈమె నా భార్య అవుతుంది, అన్నారు," అంది ఎల్స్పెత్.

అవుతుంది అన్నారా, సరిగ్గా గుర్తు తెచ్చుకోమన్నాడు వకీలు. అవుతుందనే అన్నారంది. ముందుముందు చేసుకుంటానని నోటిమాటగా అంటే మా చట్టం దాన్ని పెళ్లి కింద లెక్కేయదు. ఆమె చేర్చింది ఒక్క మాట, దాంతో తరతరాల దొరతనం ఊడ్చుకుపోయింది. మేరియన్ ఏడవలేదు, తిట్టలేదు. ఎల్స్పెత్ వైపు ఒకసారి చూసి, పిల్లాణ్ణి భుజాన వేసుకుని, తండ్రి కొలిమి దగ్గరికి వెళ్లిపోయింది.

కోట మూతపడింది. ఎల్స్పెత్ తండ్రి పెత్తనమూ దాంతోనే పోయింది. ఆమె పక్క ఊరి ధాన్యం వ్యాపారిని చేసుకుని, ఏళ్ల తరబడి ఆ కమ్మరి కొలిమి ఉన్న దారి తొక్కలేదు. అయినా కబుర్లు చెవిన పడుతూనే ఉండేవి. భూమి ఉన్నవాణ్ణి ఆ భూమి పేరుతోనే పిలవడం మాకు అలవాటు. మేరియన్ కొడుక్కి జానెడు నేల లేదు. అయినా ఊళ్లోవాళ్లు వేళాకోళానికి, "ఏమయ్యా డ్రమ్‌కెల్లో, నా నాగలి కర్రు ఎప్పుడిస్తావు?" అనేవారట. వేళాకోళం కాస్తా వాడుకైపోయిందట. అది విన్న రోజున ఎల్స్పెత్‌కు అన్నం సహించేది కాదు.

ఒకనాడు ప్రయాణంలో ఉండగా సరిగ్గా ఆ ఊరి పొలిమేరలో ఆమె గుర్రానికి లాడం ఊడింది. వేరే కమ్మరి లేడు. కొలిమి దగ్గరికి నడిపించుకు వెళ్లింది. నిప్పు ముందు వంగి ఉన్నవాడు తలెత్తాడు. అదే గిల్బర్ట్ నుదురు, అవే కళ్లు, పలకరించే ముందు ఒక కనుబొమ ఎగరేసే అదే పద్ధతి.

"డ్రమ్‌కెల్లో!" అంది ఎల్స్పెత్, తనకు తెలియకుండానే.

అతను సుత్తి పక్కన పెట్టాడు. ఆమె ఎవరో అతనికి తెలుసు.

"ఊళ్లోవాళ్లు సరదాకి అంటారమ్మా. మీరెందుకన్నారు?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో లోపల్నించి మేరియన్ గొంతు వినబడింది. ఎవరో వచ్చినట్టున్నారు, చలిలో నిలబెట్టకుండా లోపలికి రమ్మను నాన్నా, జావ వేడిగా ఉంది అంటోంది. ఆ గొంతులో ఏ కొరతా లేదు. రోజూ ఆ మొహాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం పెడుతోంది, దానికేం లోటు అనుకుంది ఎల్స్పెత్. పాత మంట మళ్లీ ఎగదన్నింది.

"ఏదో నోరు జారిందిలే," అంది.

మేరియన్ గరిటె చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది. జుట్టు నెరిసింది గానీ చూపు కోర్టులో చూసిన చూపే.

"ఇప్పుడు కాదులే అక్కా, నోరు జారింది ఆనాడు," అని, జావ మాడుతోందేమోనని లోపలికి వెళ్లిపోయింది.

అతను గుర్రం కాలు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. లాడం ఎర్రగా కాల్చి, కొట్టి, బిగించేదాకా ఎల్స్పెత్ అక్కడే నిలబడాల్సి వచ్చింది.