రోజమ్మ హోటల్‌కు వచ్చిన మనిషి

ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలో, టైర్ల షాపు మీద మొదటి అంతస్తులో రోజమ్మ హోటల్ ఉంది. మెట్లెక్కి లోపలికి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు తలెత్తి చూస్తారు. పైకప్పు చెక్కది, చేయి చాపితే అందేంత కిందికి ఉంటుంది. గోడలకు నడుము ఎత్తు దాకా చెక్కపలకలు. కుర్చీల వీపుల్లో గుండె ఆకారంలో కోసిన కంతలు. ఒక మూలన పచ్చ టైల్స్ అతికించిన, చలి కాచుకునే పెద్ద పొయ్యి, దాని చుట్టూ కూర్చునే అరుగు. ఆ పొయ్యిలో ఏనాడూ నిప్పు పెట్టలేదు. ఈ ఊరి ఎండలకు ఎవరు పెడతారు? లోపల మంచినీళ్ళ డబ్బాలు దాచుకుంటారు. బల్లల మీదికి వచ్చేవి మాత్రం జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు, సర్వపిండి.

దీన్ని కట్టించింది ఉపేందర్. జనగామ వైపు మనిషి. నాచారంలో ఒక ప్యాకింగ్ కంపెనీలో ఫిట్టర్‌గా పనిచేసేవాడు. చాలా ఏళ్ళ కిందట, కొత్త మిషన్ పని నేర్చుకు రమ్మని కంపెనీ అతన్ని ఆల్ప్స్ కొండల్లోకి పంపింది. ఫ్యాక్టరీ కింద పట్నంలో, బస పైన కొండ పక్క ఊళ్ళో ఒక కుటుంబం నడిపే చిన్న హోటల్లో. రోజా అనే ముసలి తల్లి వండేది. ఆమె కొడుకు క్రిస్టోఫ్ వచ్చినవాళ్ళ పెట్టెలు మోసేవాడు, వడ్డించేవాడు, గిన్నెలు కూడా తోమేవాడు. మొదటి రోజు అక్కడి జున్ను, గట్టి రొట్టె గొంతు దిగక ఉపేందర్ పళ్ళెం ముందు ఊరికే కూర్చున్నాడు. రోజా ఏమీ అడగలేదు. లోపలికి పోయి పాలలో ఉడికించిన అన్నం తెచ్చి పెట్టింది. ఉపేందర్ కళ్ళనీళ్ళు పెట్టుకుని తిన్నాడు. ఇంటికి వచ్చాక భార్య రాణికి ఆ సంగతి చెబుతూ ఆమెను రోజమ్మ అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది.

కంపెనీ మూతపడ్డాక తోటివాళ్ళు ఆటోలు కొన్నారు, కిరాణా కొట్లు పెట్టారు. ఉపేందర్ ఆ కొండ మీది గదిని కట్టుకున్నాడు. విదేశీ మిషన్లు దిగిన చెక్కపెట్టెలను తుక్కు కింద కొని పోగేశాడు. కొలతలేమీ లేవు. అతను కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుని చెబుతుంటే వడ్రంగి ఉప్పలయ్య కోశాడు. రోజమ్మ తన లోయ వంటలే వండేది, బయటి వంట ముట్టేది కాదు. ఉపేందర్ కూడా తన జిల్లా తిండే పెడతానన్నాడు. బిర్యానీ లేని హోటల్ ఉప్పల్‌లో ఎన్నాళ్ళు నడుస్తుందని నవ్వారు. నడిచింది.

ఏటా కొత్త సంవత్సరానికి రోజమ్మ నుంచి కార్డు వచ్చేది. ఒక ఏడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అప్పటికే ఎనభై దాటిన మనిషి. పోయి ఉంటుందనుకున్నాడు ఉపేందర్. ఆమె ఫోటో పెద్దది చేయించి కౌంటర్ వెనక గోడకు పెట్టాడు. రాణి దానికి బొట్టు పెట్టి, గంధపు చెక్క దండ వేసింది.

ఒక శనివారం, మధ్యాహ్నం గిరాకీ తగ్గాక, కౌంటర్‌లో ఉన్న కూతురు హరిత వంటింట్లోకి తొంగి చూసింది.

"బాపూ, ఎవలో ఫారినాయన వచ్చిండు. దర్వాజ కాడనే నిలవడ్డడు. లోపటికి రమ్మన్నా వస్తలేడు."

ఉపేందర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నెరిసిన గడ్డంతో ఒక పొడుగాటి మనిషి ద్వారబంధాన్ని పట్టుకుని పైకప్పును చూస్తున్నాడు. కాసేపటికి లోపలికి అడుగు వేశాడు. గది మధ్యకు రాగానే, అక్కడ తగిలేదేమీ లేకున్నా, తల వంచి దాటాడు. పొయ్యి దగ్గరకు పోయి రెండు అరచేతులూ దానికి ఆనించాడు. చల్లగా తగిలినట్టుంది, వెంటనే తీసేశాడు.

ఉపేందర్ అక్కడే ఆగిపోయాడు. ఆ కొండ మీది గదిలో సరిగ్గా ఆ చోట ఒక అడ్డదూలం ఉండేది. అందరూ తల వంచి దాటేవాళ్ళు. ఉప్పలయ్యకు ఆ దూలం సంగతి చెప్పడం మరిచిపోయాడు. ఇప్పుడు దూలమూ గుర్తొచ్చింది, మనిషీ గుర్తొచ్చాడు.

"క్రిస్టోఫ్," అన్నాడు.

ఆ మనిషి తిరిగి చూసి తల ఊపాడు. ఉపేందర్ అతని చేతులు పట్టుకుని కూర్చోబెట్టాడు. సంతోషంలో తనకు వచ్చిన కాస్త ఇంగ్లీషు కూడా మరిచిపోయి కూతురిని పిలిచాడు.

"హోటల్ ఎట్ల నడుస్తుందో అడుగు బిడ్డా. ఎవలు సూసుకుంటున్రు ఇప్పుడు?"

హరిత అడిగింది. క్రిస్టోఫ్ బల్ల వైపు చూస్తూ మెల్లగా చాలాసేపు చెప్పాడు. హరిత మధ్యలో ఒక మాట మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ అదే చెప్పాడు. ఆమె నోటి మీద చేయి పెట్టుకుంది.

"ఏమంటుండు?"

"హోటల్ లేదంట బాపూ."

"అమ్మిన్రా?"

"కాదు. కొండ విరిగి మీద పడ్డదంట. నువ్వు చెప్తవు గద, కిటికీలకెల్లి కనవడేదని. ఆ కొండనే. మంచు, రాళ్ళు అంత కలిసి ఊరు మీదికి వచ్చినయంట. పోయిన ఎండకాలం."

ఉపేందర్‌కు ఆ మాట తలకెక్కలేదు. రోజూ పొద్దున ఆ కొండను చూస్తూ టీ తాగేవాడు. కొండ ఉన్నచోట ఉంటుంది. అది కదలడమేమిటి?

క్రిస్టోఫ్ ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. లోయంతా బూడిద రంగు మట్టి, బండలు. ఒక పక్కన మురికి నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఉపేందర్ ఫోన్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చర్చి కోసం వెతికాడు. పాలవాడి ఇంటి కోసం వెతికాడు.

"దీంట్ల ఊరేది?"

క్రిస్టోఫ్ ఆ బూడిద మధ్యలో వేలు పెట్టాడు.

ముందే పగుళ్ళు కనిపెట్టి అందరినీ కిందికి దింపారట. ఆవులను కూడా. ఒక్క ప్రాణం పోలేదు. రెండు మూడు రోజుల్లో తిరిగి వస్తామనుకుని ఒంటి మీది బట్టలతోనే దిగారట. హరిత చెబుతుంటే ఉపేందర్‌కు వినబడుతూనే ఉంది, కానీ అతని కళ్ళు ఆ ఫోటోలో చర్చి కోసమే వెతుకుతున్నాయి.

క్రిస్టోఫ్ చూపు అప్పుడు కౌంటర్ వెనక గోడ మీద పడింది. వచ్చినప్పటి నుంచి మొదటిసారి కొంచెం నవ్వాడు.

"దండ చాలా బాగుంది. ఫోటో తీసి అమ్మకు పంపిస్తాను," అన్నాడు ఇంగ్లీషులో.

హరిత అతన్నే చూసింది. "అమ్మకా?"

"మా చెల్లెలి ఇంట్లో ఉంది. తొంభై దాటింది. కాస్త చెవుడు, అంతే. చేతులు వణికి రాయడం మానేసింది."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ రాణికి ఇంగ్లీషు రాదు. కానీ కూతురి ముఖం చూసి, "ఏందే?" అంది.

"రోజమ్మ బతికే ఉందంట అమ్మా."

 రాణి కుర్చీ లాక్కుని ఎక్కి, దండ తీసింది. చీర కొంగుతో బొట్టు తుడిచింది. "తప్పాయె తల్లీ, తప్పాయె," అని తనలో తానే గొణుక్కుంటోంది. ఎందుకు తీస్తున్నారని క్రిస్టోఫ్ అడిగితే హరిత దాచలేకపోయింది. అతను ఫోటోను, తర్వాత చేతులు జోడించి నిలబడ్డ ఉపేందర్‌ను చూశాడు. కోపం రాలేదు.

కొంతసేపయ్యాక తాను వచ్చిన పని చెప్పాడు. ఇల్లు పోయిన సంగతి తల్లికి చెప్పలేదట. దారి పాడైంది, బాగు చేస్తున్నారు అని నెట్టుకొస్తున్నారట. హరిత నెట్‌లో పెట్టిన ఈ గది వీడియోను ఎవరో చూసి అతనికి పంపారు. ఇక్కడి నుంచి ఫోన్ చేసి ఈ గదిని చూపిస్తే, ఇల్లు క్షేమంగా ఉందని ఆమె నమ్ముతుంది. అందుకని ఇంత దూరం వచ్చాడు.

"తల్లికి అబద్ధం సూపిస్తడా?" అన్నాడు ఉపేందర్.

"కొడుకు బాధ కొడుకుది. సూపియ్యనీ," అంది రాణి.

ఫోన్‌లో తెల్లజుట్టు, మందపాటి కళ్ళద్దాలు కనిపించాయి. క్రిస్టోఫ్ గొంతు పెంచి తమ భాషలో మాట్లాడుతూ పైకప్పును, కుర్చీలను, పొయ్యిని నెమ్మదిగా చూపించాడు.  ముసలామె అంతా చూశాక నెమ్మదిగా ఏదో చెప్పుకొచ్చింది. క్రిస్టోఫ్ చేయి ఫోన్‌తో సహా బల్ల మీదికి వాలిపోయింది.

"ఏమన్నది?" హరిత అడిగింది.

అతను ఆగి ఆగి చెప్పాడు. "చాలా బాగుంది, ఎవరిల్లు ఇది అంటోంది. మన ఇల్లు కొండ కింద ఉంది కదా అంటోంది. ఆ రోజే టీవీలో చూసిందట. అప్పుడు మేమంతా తనకు కనబడకుండా చెల్లెలి ఇంటి పెరట్లో నిలబడి ఏడుస్తున్నామట. నువ్వే చెబుతావని ఇన్నాళ్ళూ ఎదురుచూశాను, నీకు నోరు రాలేదని నేనూ అడగలేదు అంటోంది."

 బల్ల మీది ఫోన్‌లో ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది. ఉపేందర్ దాన్ని తీసుకుని ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. ఆమె అద్దాలు సరిచేసుకుని దగ్గరకు వచ్చి చూసింది. ఒక మాట అంది.

"అన్నం తిని ఏడ్చినతను," అని క్రిస్టోఫ్ చెప్పాడు.

ఉపేందర్ నమస్కారం పెడదామనుకున్నాడు. ఒక చేతిలో ఫోన్ ఉండటంతో రెండో చేయి గుండె మీద పెట్టుకున్నాడు.

 ఫోన్ పెట్టేశాక రాణి వేడి సర్వపిండి తెచ్చి పెడితే క్రిస్టోఫ్ తలెత్తకుండా రెండు తిన్నాడు. తర్వాత పొయ్యి అరుగు మీద కూర్చున్నవాడు అలాగే పక్కకు ఒరిగి నిద్రపోయాడు.

"లేపాల్నా?" అంది హరిత.

"లేపకు. నిద్రపోయి ఎన్ని దినాలైందో," అంది రాణి.

శనివారం సాయంత్రం గిరాకీ మస్తుగా ఉంటుంది. అయినా ఉపేందర్ షటర్ సగం దించి మెట్ల మీద కూర్చున్నాడు. వచ్చినవాళ్ళందరినీ ఇయ్యాల లేదని పంపేశాడు. చిల్కానగర్ నుంచి వారం వారం వచ్చే ఉమామహేశ్వర్ సార్ మాత్రం కదల్లేదు.

"ఏంది ఉపేందర్, ఒంట్ల బాగలేదా?"

"బాగనే ఉంది సార్. ఒక కొండ పడ్డది," అన్నాడు ఉపేందర్.

ఆ తర్వాత చెప్పాల్సింది చాలా ఉంది. పక్కకు జరిగి చోటిచ్చాడు. సార్ ఇంకేమీ అడగకుండా చెప్పులు విడిచి అతని పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.