షార్జా గదిలో గుంజ

షార్జాలో ఎల్లేశానికి దొరికిన గది ఎంత చిన్నదంటే, అందులో మనిషి ఇటునుంచి అటు ఒత్తిగిలాలంటే ముందు తలుపు తీసి కాళ్లను బయటికి పంపాలి, తిరగడం అయ్యాక మళ్లీ లోపలికి పిలుచుకోవాలి. అద్దం గోడకు ఆనించి పెడితే అందులో ముఖం సగమే పట్టింది. మిగతా సగానికి గడ్డం చేసుకోవాలంటే రెండోసారి వచ్చి నిలబడాలి. పక్క గదిలో మలయాళీ ఉల్లిగడ్డ కోస్తే ఇక్కడ ఎల్లేశం కళ్లలో నీళ్లు తిరిగేవి. అవి ఉల్లిగడ్డ నీళ్లేనని అతను భార్య శోభకు ఫోనులో ఒట్టేసి చెప్పేవాడు.

ఒక పెద్ద ఫ్లాటును తీసుకుని, అట్టలాంటి పలకలు అడ్డం పెట్టి, ముక్కలు చేసి అద్దెకిచ్చినవాడు వీర్రాజు. కోస్తా వాళ్ల పిల్లవాడే గానీ పుట్టి పెరిగిందంతా గోదావరిఖనిలో. అతని తండ్రికి చౌరస్తా దగ్గర ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. ఖని మనిషి గొడవ చెయ్యడన్న నమ్మకంతోనే ఎల్లేశానికి గది ఇచ్చాడు.

ఎల్లేశం ఖనిలో బొగ్గుబాయిలో కాంట్రాక్టు కింద పనిచేశాడు. బొగ్గు తీసిన చోట పైబండ కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టడం అతని పని. ఆ బాయిలో బొగ్గు అయిపోయింది. వేరే పని దొరకలేదు. అందుకే షార్జా వచ్చి గోదాములో రాత్రి షిఫ్టుకు కుదిరాడు. పగటి నిద్ర అతనికి కొత్తేమీ కాదు. ఖనిలో మధ్యాహ్నం పూట బండలు పేల్చినప్పుడు అటక మీది గిన్నెలు వాటంతటవే నడిచొచ్చి పొయ్యెక్కి కూర్చునేవట. ఆ చప్పుడులో కూడా గురక పెట్టిన మొనగాడు ఎల్లేశం. అలాంటివాడికి షార్జాలో కన్ను మూతపడలేదు.

కారణం, కప్పు.

బాయిలో కాలు పెట్టినవాడు పని మొదలుపెట్టకముందే పొడుగు కర్రతో కప్పును కొట్టి వింటాడు. ఖంగుమంటే బండ గట్టిది. డబడబమంటే లోపల విడిపోయిందని అర్థం, దాని కింద నిలబడకూడదు. ఆ అలవాటు ఎల్లేశం చేతికి ఎంతగా పట్టిందంటే, అత్తగారింటికి వెళ్లినా కప్పు కొట్టి చూశాకే పక్క పరిచేవాడు. మొదటిరోజు ఈ గదిలోనూ చీపురు కర్ర తిరగేసి పైకి కొట్టాడు. డబడబమంది. మరోచోట కొట్టాడు. అక్కడా డబడబే. అంతే, దుప్పటి చంకన పెట్టుకుని ఒక్క దూకు దూకి బయట వరండాలో పడ్డాడు.

ఆ రోజునుంచి పడక వరండాలోనే. కూరగాయల సంచులతో వచ్చేవాళ్లు అతన్ని దాటుకుంటూ పోయేవారు. వాచ్‌మన్ చూశాడు, వీర్రాజును పిలిచి కేకలేశాడు. వరండాలో మనిషి పడుకున్నాడని యజమానికి తెలిస్తే తనకు ఫ్లాటే పోతుందని వీర్రాజు భయపడ్డాడు. గదిలో పడుకుంటే సరి, లేకపోతే శుక్రవారానికి ఖాళీ చెయ్యమని చెప్పేశాడు. గది పోతే ఎల్లేశానికి తల దాచుకునే చోటు లేదు. చోటు లేకపోతే డ్యూటీ ఉండదు. ఇంటికి పోదామంటే అక్కడ దిగడానికి బాయి లేదు.

ఆలోచించి, గోదాములో పారేసిన ఒక దుంగను సూపర్‌వైజర్‌ను అడిగి తెచ్చుకున్నాడు. అది లిఫ్టులో పట్టలేదు. భుజానేసుకుని మెట్లెక్కాడు. మలుపుల్లో దుంగ వంగిందో, ఇతన్ని చూసి గోడే పక్కకు జరిగిందో చెప్పలేం. దాన్ని కొలతకు కోసి మంచం పక్కన నిలబెట్టి, గుంజకూ కప్పుకూ మధ్య సందులో చెక్క చీల దిగ్గొట్టి బిగించాడు. కోసిన కర్ర వాసన గదంతా నిండింది. ఆ వాసనలో తడిసిన బాయి గోడలు, టోపీ లైటు వెలుగులో సద్ది విప్పి పచ్చిపులుసు పంచుకునే జోడీదారు రాయమల్లు, పైకొచ్చాక కళ్లలో గుచ్చుకునే ఎండ, అన్నీ వరసగా వచ్చి మంచం చుట్టూ కూర్చున్నాయి. ఎల్లేశం గురకకు మలయాళీ అటు గోడ తట్టాడు.

కానీ బాయి అలవాట్లు ఒంటరిగా రావు. షిఫ్టు మారినప్పుడల్లా చీల వదులైందేమో చూసి బిగించడం కూడా గుంజ కట్టేవాడి పనే. బాయిలో పైబండ బరువు దిగి గుంజ దానంతటదే బిగుసుకుంటుంది. ఇక్కడ దిగే బరువేదీ? రోజూ చీల వదులుగానే కనబడింది, రోజూ ఇంకో దెబ్బ వేశాడు. శుక్రవారం పొద్దున వేసిన దెబ్బకు గుంజ పై పలకను చీల్చుకుని లోపలికి దూసుకుపోయింది. గదంతా తెల్లపొడి. ఎల్లేశం సున్నం బట్టీలోంచి లేచొచ్చినట్టు ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే, గదిలో పడుకుంటున్నాడో ఖాళీ చేశాడో చూద్దామని వీర్రాజు వచ్చాడు.

“ఏటండీ ఇది? గదిలో అడివి పెంచుతున్నారా?”

“కప్పు గుల్లగున్నదన్న. మీద పడ్తదని గుంజ పెట్టిన.”

“అది కప్పు కాదండీ బాబూ. వైర్లు కనపడకుండా కట్టిన ముసుగు. అసలు కప్పు దాని పైనుంది.”

ఎల్లేశం మంచమెక్కి పగులులోకి తొంగి చూశాడు. చీపురు కర్ర లోపలికి పోనిచ్చి కొట్టాడు. ఖంగుమంది. మళ్లీ కొట్టి, చెవి పెట్టి విన్నాడు. దిగి మెల్లగా కూర్చున్నాడు.

“గీ ముచ్చట ముందుగాల చెప్పద్దా అన్న?”

“కప్పు గురించి అడిగినవాణ్ణి ఇంతవరకు చూళ్లేదండి,” అన్నాడు వీర్రాజు. అంతలోనే చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. వాళ్ల దుకాణానికి మేకుల కోసం వచ్చే బాయి మనుషులు కూడా లోపలికి వస్తూనే రేకు కప్పును తట్టేవారట. దుమ్మంతా నెత్తిన పడుతుందని అమ్మ తిట్టేదట. అది చెబుతూనే అతనూ మంచం మీద కూర్చున్నాడు. ఇద్దరి మోకాళ్లు ఎదుటి గోడకు తగిలాయి. చౌరస్తాలో మిర్చీ బండి ఇంకా ఉందా అని అడిగాడు.

“ఉన్నది. మిర్చీలు గింతింత పొడుగు. ఒక కొస ఖనిల కొరికితె, ఇంకో కొస పట్టుకున్నోనికి మంచిర్యాలల చెమటలు పడ్తయ్.”

వీర్రాజు పడీపడీ నవ్వాడు. తర్వాత, పలక తనే మార్పిస్తానని, ఖాళీ చెయ్యమన్న మాట మరిచిపొమ్మని అన్నాడు. గుంజ మాత్రం తీసెయ్యమన్నాడు.

“పలక మార్పియ్యి. గుంజ జర కోసి పెడ్త, ఉండనియ్యన్న. నీ అట్ట గోడలకు మేకు నిలుస్తలేదు, నా అంగీలు ఏడ తగిలియ్యాలె?”

వీర్రాజు గోడల వంక చూశాడు. ఎల్లేశం ఊరునుంచి తెచ్చిన సంచిని అప్పుడు మొదటిసారి పూర్తిగా విప్పాడు. సుత్తి అందుకున్నాడు. గుంజ మీద మేకు కదలకుండా వీర్రాజు వేళ్లతో పట్టుకున్నాడు.