గేదె అనే విమానం

ఆస్పత్రిలో ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. ఆపరేషన్ గదుల్లో వాడిన కత్తెరలూ పటకార్లూ గుడ్డలూ అన్నీ కింది అంతస్తులో ఆమె గదికే దిగేవి. వాటిని కడిగించి, ఆరబెట్టించి, మూటలు కట్టించి, ఆవిరి యంత్రంలో పెట్టించి మళ్లీ పైకి పంపడం ఆమె పని. ఆ వేడిలో నిలబడి నిలబడి ఆమె కాళ్లు సాయంత్రానికి దిమ్మల్లా అయ్యేవి. ఇంటికొచ్చి చెప్పులు విడవడానికి కూడా ఓపిక లేక కాసేపు గుమ్మం పక్క స్టూలు మీద అలాగే కూలబడేది. లోపలినుంచి నాన్న "వచ్చావా" అనేవాడు. "వచ్చాను" అనేది. చాలా రోజులు వాళ్లిద్దరి సంభాషణ అంతకు మించి సాగేది కాదు.

నాన్న యుద్ధంలో బాంబర్ విమానంలో పనిచేశాడు. ముక్కు భాగంలో బోర్లా పడుకుని, అద్దంలోంచి కిందికి చూస్తూ, సరైన క్షణంలో బాంబులు వదలడం ఆయన పని. ఈ సంగతి అమ్మ చెబితే పిల్లలకు తెలిసింది. ఆయనెప్పుడూ చెప్పలేదు. యుద్ధం అయ్యాక నీటి సరఫరా ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం చేసి, రిటైరై, అమ్మ పోయాక కూతురి దగ్గరికి వచ్చేశాడు. కూతురికి భర్త లేడు, తండ్రికి భార్య లేదు. ఒకరికొకరు అడ్డం రాకుండా రెండు గదుల ఇంట్లో సర్దుకున్నారు.

ఆ విమానంలో కలిసి ఎగిరినవాళ్లు ఒక్కొక్కరే పోగా, చివరికి నాన్నా, వైర్‌లెస్ చూసిన పొట్టాయనా మిగిలారు. ఆ శీతాకాలం పొట్టాయన కూడా పోయాడు. అంత్యక్రియలకు పెద్దక్కే నాన్నను తీసుకెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. దిగే స్టాపు దగ్గర పడుతుండగా అన్నాడు.

"అమ్మాయ్, మా గేదె ఏమైందో కనుక్కోగలవా?"

ఆమె చప్పున ఆయన వైపు తిరిగింది. అయిపోయింది, ఈయనకు మతి తప్పుతోంది అనుకుంది. "ఏ గేదె నాన్నా? మనకెప్పుడుంది గేదె?"

"మా విమానం. లేవమంటే ఒక పట్టాన లేచేది కాదు. అందుకని ఆ పేరు పెట్టాం. మమ్మల్నందర్నీ ఇంటికి చేర్చింది. యుద్ధం అయి మేం దిగిపోయాక దాన్నెవరికిచ్చారో, ఏం చేశారో తెలీదు. పొట్టోణ్ణి ఈసారి కలిస్తే అడుగుదామనుకున్నా."

ఆయన తనను ఏదైనా కావాలని అడిగి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. కాళ్లు పీకుతున్నా "చూస్తాలే" అంది.

చూస్తాలే అన్నంత తేలిక కాలేదు. వారానికి ఒక్కరోజు సెలవు. ఆ రోజు బట్టలుతుక్కోవాలి, నాన్నను డాక్టరుకు చూపించాలి, కాసేపు నడుం వాల్చాలి. అన్నీ పక్కన పెట్టి వైమానిక దళం రికార్డుల ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా మంచివాడే గాని, "నంబరు లేకుండా ఏం చూడమంటారండీ, ఇది తప్పిపోయిన పిల్లాణ్ణి వెతికినట్టు కాదు కదా" అన్నాడు. ఇంటికెళ్లి అడిగితే నాన్న వెంటనే ఒక నంబరు చెప్పాడు. తన పుట్టినరోజు తడుముకునే మనిషి దాన్ని మాత్రం గడగడా అప్పజెప్పాడు. మళ్లీ సెలవు దాకా ఆగి, మళ్లీ వెళ్లింది. గుమాస్తా లోపలికెళ్లి చాలాసేపటికి తిరిగొచ్చాడు. ఆయన ముఖం చూస్తేనే ఆమెకు సగం అర్థమైంది.

"ఇది యుద్ధం ముగియకముందే మంచులో దారి తప్పి కొండను గుద్దుకుందమ్మా. లోపలున్నవాళ్లు ఎవరూ మిగల్లేదు."

ఈ మాట ఇంట్లో ఎలా చెప్పాలా అని దారి పొడుగునా నలిగిపోయింది. చివరికి డొంకతిరుగుడు లేకుండా చెప్పేసింది. నాన్న కాఫీ కప్పు కింద పెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఎవరూ మిగల్లేదా? మరి ఇక్కడ కూర్చుని నీ నీళ్ల కాఫీ తాగుతున్నవాణ్ణి నేనెవర్ని?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటే నీరసమూ వచ్చింది. ఇన్ని సెలవులు తగలేసి వేరే వాళ్ల విమానం వెంట తిరిగానన్నమాట.

ఆదివారం తమ్ముడు వచ్చాడు. వాడికి కళ్లద్దాల షాపు ఉంది. నోటికి హద్దు ఉండదు. "అక్కా, నీకు వేరే పనేం లేదా? ఆ ఇనుము ఎప్పుడో కరిగి ఎవరింట్లో సైకిలైందో. ఈయన అడగడం, నువ్వు పరిగెత్తడం" అన్నాడు.

"ఇనుము కాదు, అల్యూమినియం" అన్నాడు నాన్న లోపలి గదిలోంచి.

అంటూనే వచ్చి బల్ల మీద ఒక ఫోటో పెట్టాడు. విమానం తోక ముందు కుర్రాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఎంత పలచగా ఉండేవాడో నాన్న, చెవులు మాత్రం ఇప్పటివే. తోక మీది నంబరులో చివరి అంకెను ఎవరి టోపీయో సగం కప్పేసింది. తమ్ముడు జేబులోంచి తన షాపు భూతద్దం తీశాడు. ఊరికే ఎగతాళికి తీసినవాడు కాస్తా ఫోటో మీదికి వంగి అలాగే ఉండిపోయాడు.

"నాన్నా, నువ్వు చివర మూడు అన్నావు కదా. ఇది మూడు కాదు. ఎడమవైపు రంగు పోయింది. అయినా కిందా పైనా సున్నాలు చుట్టిన ఆనవాలు ఉంది చూడు. ఇది ఎనిమిది."

నాన్న భూతద్దం తీసుకుని చూశాడు. "ఇన్నేళ్లూ మూడే అనుకున్నా" అన్నాడు చిన్నగా. తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "మూడైనా ఎనిమిదైనా నాకు చూపిస్తే గుర్తుపడతా. దాని పొట్ట కింద రెండు తలుపులు. ఎడమది మొండిది. మీట లాగితే కుడిది తెరుచుకునేది, ఎడమది సగంలో ఆగిపోయేది. నేను లోపలి సందులోంచి పాక్కుంటూ వెళ్లి కాలితో తన్నితే గాని కదిలేది కాదు."

అక్కాతమ్ముళ్లు ముఖాలు చూసుకున్నారు. ఆ బల్ల దగ్గర ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం వాళ్లెప్పుడూ వినలేదు.

గుమాస్తా ఈసారి ఆమెను చూడగానే కుర్చీ లాగి వేశాడు. చివర ఎనిమిది ఉన్న విమానం క్షేమంగానే దిగింది. యుద్ధం అయిన కొన్నేళ్లకు దాన్ని అటవీశాఖకు అమ్మేశారు. "అడవులు అంటుకుంటే పైనుంచి నీళ్లు పోయడానికి కొన్నారట. ఆ తర్వాతి సంగతి మా దగ్గర ఉండదమ్మా" అన్నాడు. అటవీశాఖలో ఆ కిటికీ కాదు ఈ కిటికీ అన్నారు, ఈ కిటికీ కాదు పై అంతస్తు అన్నారు, పై అంతస్తులో మనిషి సెలవన్నారు. ఆ రోజు మెట్ల మీదే కూర్చుని ఇక చాలు అనుకుంది. లేని విమానాన్ని కనుక్కుంటే ఎవరికేం ఒరుగుతుంది? కాని ఇంటికెళ్తే నాన్న "వచ్చావా" అని ఊరుకోవడం మానేసి "ఏమన్నారు" అని అడగడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క మాటకు తట్టుకోలేక మరోసారి వెళ్లింది. చివరికి ఒక అధికారి, రిటైరైపోయిన ఒక పైలట్ ఫోన్ నంబరు ఇచ్చి, ఆరోగ్యం బాగాలేదు, ఎక్కువసేపు మాట్లాడించకండి అని పంపాడు.

ఫోను పైలట్ భార్య తీసింది. విషయం విని రిసీవరు భర్తకిచ్చింది. అవతలి గొంతు మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చుకుంటోంది.

"చివర ఎనిమిదా? అదా... దాన్ని పది పదిహేను వేసవులు నేనే నడిపానమ్మా. పెంకి ముండ. మీ నాన్నగారున్నారా ఇంకా? అయితే త్వరగా తీసుకురండి. నాకు అట్టే టైం లేదు."

తమ్ముడు షాపు మూసి కారు తెచ్చాడు. నాన్న ముందు సీట్లో నడుము వెనక దిండు పెట్టుకుని కూర్చున్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు, దవడ కింద ఒకచోట తెగింది. దారంతా పొలాలూ గోదాములూ దాటుతుంటే నిద్రపోయాడు. వెనక సీట్లో పెద్దక్కా నిద్రపోయింది.

పైలట్ ఇల్లు పెట్రోలు బంకు వెనక సందులో ఉంది. ఆయన చేతుల కుర్చీలో, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో కూర్చుని ఉన్నాడు. నాన్న కన్నా ఐదారేళ్లు చిన్న, చూడటానికి పదేళ్లు పెద్ద. ఇద్దరూ చేతులు పట్టుకున్నారు గాని ఏం మాట్లాడుకోవాలో తెలియలేదు. పైలట్ భార్య అందరికీ టీ ఇచ్చింది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అని పెద్దక్కకు బెంగ పట్టుకుంది.

చివరికి పైలటే మొదలుపెట్టాడు. "దాని పొట్టలో బాంబులుండే చోట నీళ్ల తొట్టి పెట్టారు సార్. మీట లాగితే తలుపులు తెరుచుకుని నీళ్లు పడాలి. ఎడమ తలుపుతో చచ్చేవాణ్ణి. మెకానిక్ విప్పి నన్ను పిలిచి చూపించాడు. లోపలి రేకంతా సొట్టలు. ఎవడో గాడిదకొడుకు బూటుకాలితో తన్ని తన్ని..."

పైలట్ భార్య గట్టిగా దగ్గింది.

"ఎవరో పెద్దమనిషి" అని సర్దుకున్నాడు పైలట్.

"ఆ గాడిదకొడుకుని నేనే" అన్నాడు నాన్న.

పైలట్ నవ్వు మొదలుపెట్టి ఊపిరందక ఆగి, మళ్లీ నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వులో కళ్లు తడిశాయి, తుడుచుకోలేదు. ఆ తర్వాత వాళ్లను ఆపడం ఎవరివల్లా కాలేదు. అది ఎడమకు లాగేదని ఒకరు, కుడికని ఒకరు. పొద్దున్నే స్టార్టు చేస్తే రెండో ఇంజను అలిగేదని ఇద్దరూ. తమ్ముడు నోరు తెరుచుకుని వింటున్నాడు. పెద్దక్క టీ కప్పులు తీసి వంటింట్లో పెట్టి, పైలట్ భార్య పక్కన చిన్న పీట మీద కూర్చుంది. "ఈయన ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్లైందో" అందావిడ. "మా నాన్న కూడా అంతే" అంది పెద్దక్క.

ఆడవాళ్లు గదిలోకి తిరిగొచ్చేసరికి ముసలాళ్లిద్దరూ నిదానించారు. నాన్న అడుగుతున్నాడు. "పైనుంచి మీకు మంట ఎలా కనిపించేది?"

"పొగేనండీ ఎక్కువ. మంట కనిపించిందంటే బాగా దగ్గరికి వెళ్లినట్టే. మీకో?"

"మాకు దీపాల్లా కనిపించేవి. ముందు ఒకటి, తర్వాత బోలెడు. అందంగా ఉండేవి. అదే నాకు..." నాన్న ఆగాడు. మోకాళ్ల మీద అరచేతులు రుద్దుకున్నాడు. "మీరు నీళ్లు పోస్తే ఆరేవా?"

పైలట్ ముక్కు దగ్గర గొట్టం సర్దుకున్నాడు. అవునంటే ఆ ముసలాయనకు ఎంత ఊరటో గదిలో అందరికీ తెలుస్తూనే ఉంది.

"ఒక్కోసారి ఆరేవి సార్" అన్నాడు. "చాలాసార్లు ఆరేవి కావు. అప్పటికి కాస్త తగ్గేవి. కింద మనుషులు పరిగెత్తడానికి కాస్త వ్యవధి దొరికేది. అంతకన్నా అబద్ధం చెప్పలేను."

"చాల్లే" అన్నాడు నాన్న. "అదే చాలా ఎక్కువ."

గేదె చివరికి ఏమైందో కూడా పైలటే చెప్పాడు. కొత్త విమానాలు వచ్చాక దాన్ని ఊరి విమానాల మైదానం చివరికి నెట్టేశారు. రెండేళ్లు వానలో నిలబడింది. తర్వాత తుక్కు కొనేవాళ్లు వచ్చి ముక్కలు చేసి లారీల్లో వేసుకుపోయారు. "నేను చూడ్డానికి వెళ్లలేదు. ఊళ్లోనే ఉన్నా, వెళ్లలేదు."

ఇంటికి బయల్దేరే ముందు ఆ మైదానం చూడాలన్నాడు నాన్న. ఇప్పుడది లారీలు ఆపుకునే చోటు. ఇనుప కంచె, డీజిల్ వాసన, ఒక చివర పగిలిన సిమెంటు పలకల మధ్య గడ్డి. ఆయన కారు దిగలేదు. అద్దం దింపి కాసేపు చూసి, "పద" అన్నాడు. తమ్ముడు ఎందుకో కారును వెంటనే కదిలించలేదు. నాన్న రెండోసారి "పదరా" అన్నాక కదిలించాడు.

అక్కడితో అయిపోతుందనుకుంది పెద్దక్క. కాలేదు. రెండు రోజుల తర్వాత పైలట్ ఫోన్ చేశాడు. ఆ మర్నాడు నాన్న చేశాడు. పైలట్‌కు ఊపిరి బాగున్న రోజుల్లో ఇద్దరూ గంటసేపు మాట్లాడుకునేవాళ్లు, బాగాలేని రోజుల్లో నాన్నే మాట్లాడేవాడు, అవతలివాడు వినేవాడు.

ఒక సాయంత్రం ఆమె పని నుంచి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల నాన్న ఫోనులో మాట్లాడుతున్నాడు. మొదటిసారి ఎగిరినప్పుడు భయంతో పళ్లు టకటక కొట్టుకున్న సంగతి, పొట్టోడు తన చెయ్యి పట్టుకున్న సంగతి, అమ్మను పెళ్లి చేసుకున్నాక కూడా కొన్నాళ్లు ఒంటరిగా ఏ గదిలోనూ పడుకోలేకపోయిన సంగతి. ఆమె స్టూలు మీద కూర్చుని విన్నది. ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో ఉండి తాను వినని మాటలు, ఒక పూట కలిసిన మనిషికి దొరుకుతున్నాయి. కొంచెం కష్టమనిపించింది. అడిగి ఉంటే చెప్పేవాడేమో, తనకే అడిగే ఓపిక లేకపోయింది. ఆయనకూ చెప్పే ఓపిక లేకపోయింది కాబోలు.

ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

"వచ్చావా?" అన్నాడు నాన్న.

"వచ్చాను" అంది. లేచి లోపలికి వెళ్లి, ఆయన మంచం పక్కన కుర్చీలో కూలబడి కాళ్లు చాపుకుంది. "పొట్టాయన నీ చెయ్యి పట్టుకున్నాడన్నావే, అప్పుడేమైంది?"

నాన్న ఆమె ముఖంలోకి చూశాడు. "అలసిపోయినట్టున్నావు. రేపు చెప్తాలే."

"ఇప్పుడే చెప్పు. వింటూ నిద్రపోతే మాత్రం ఏమీ అనుకోకు."

ఆయన దిండు సర్దుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె చాలావరకు మెలకువగానే ఉంది.