టీ లీఫ్

అమెరికాలోని నోవైలో కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఉమామహేశ్వరి టెస్ట్ ఇంజనీరు. ఆమె మేనేజర్ కాలిన్ తూర్పు లండన్‌లో పుట్టి పెరిగినవాడు. ఫోన్‌ని ‘డాగ్ అండ్ బోన్’ అనేవాడు, మెట్లని ‘ఆపిల్స్ అండ్ పేర్స్’ అనేవాడు. అనాల్సిన మాటకి బదులు దానికి ప్రాస కుదిరే మాట వాడటం తమ పేటలో అలవాటని ఆమెకు తనే వివరించాడు. ఉమకి ఆ తమాషా నచ్చింది. విన్న మాటకల్లా అర్థం అడిగి నోట్‌బుక్‌లో రాసుకునేది.

కిందటి అక్టోబరులో ల్యాబ్‌లో ఒక స్కానర్ కనిపించకుండా పోయింది. చివరిసారి వాడినట్టు రిజిస్టర్‌లో ఉన్న సంతకం ఉమది. తిరిగి షెల్ఫ్‌లో పెట్టేశానని చెప్పింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ వారం నుంచే కాలిన్ ఆమెను ‘టీ లీఫ్’ అని పిలవడం మొదలుపెట్టాడు.

రోజూ ఫ్లాస్కులో యాలకుల టీ తెచ్చి అందరికీ పోసేది కాబట్టి, ఆ పేరు అందుకే వచ్చిందనుకుంది. ఈ ఒక్కదానికి మాత్రం అర్థం అడగాలని తోచలేదు. కొద్ది రోజుల్లో టీమంతా అలాగే పిలవసాగింది, నిశాంత్‌తో సహా. ఖమ్మం నుంచి వచ్చిన నిశాంత్ లంచ్‌లో ఆమె పక్కనే కూర్చుని, ‘అక్కా’ అంటూ చనువుగా ఆమె డబ్బాలోంచి పప్పు వేసుకునేవాడు. పుట్టినరోజుకి ఆ పేరు అచ్చువేయించిన కప్పు బహుమతిగా ఇచ్చారు. అమెరికాలో తొమ్మిదేళ్లకి తనకొక ముద్దుపేరు వచ్చిందని ఉమ దాన్ని భర్త దివాకర్‌కి చూపించి మురిసిపోయింది.

మార్చిలో ఒక ఆదివారం కూతురు నమ్రత ఆ నోట్‌బుక్ తిరగేసింది. సరదా పుట్టి, అలాంటి మాటల లిస్ట్ ఫోన్‌లో వెతికి పైకి చదవసాగింది. మధ్యలో ఆగిపోయింది.

“ఏమైందే?”

“అమ్మా... నీ కప్ మీద వర్డ్. అది గుడ్ కాదు.”

“టీ లీఫ్‌లో ఏముంది?”

“లీఫ్ రైమ్స్ విత్ థీఫ్, అమ్మా.”

ఉమ చెవులు వేడెక్కాయి. ఐదు నెలలు. పిలిచిన ప్రతిసారీ నవ్వుతూ పలికింది. ఆ కప్పు పట్టుకుని వాళ్ల మధ్య నిలబడి ఫోటో కూడా దిగింది.

సోమవారం పొద్దున్నే కాలిన్ క్యాబిన్‌లోకి వెళ్లింది. “స్కానర్ నేను దొంగిలించానని అనుకుంటున్నారా?” అని ఇంగ్లిష్‌లో సూటిగా అడిగింది.

కాలిన్ నవ్వేశాడు. “అది నవంబరులోనే దొరికింది. రిపేరుకి పంపింది నేనే, మర్చిపోయాను. నీకెవరూ చెప్పలేదా?”

“మరి ఆ పేరు?”

“ఊరికే సరదాకి. అలవాటైపోయింది.”

ఉమ హెచ్ఆర్‌కి కంప్లెయింట్ ఇచ్చింది. టీ ఆకు అంటే తప్పేమిటో అక్కడి మనిషికి రెండుసార్లు వివరించాల్సి వచ్చింది. సాక్షిగా నిశాంత్ పేరు చెప్పింది. రెండు వారాలకి ఈమెయిల్ వచ్చింది. ఆ మాటకి మరో అర్థం ఉందని టీమ్‌లో ఎవరికీ తెలియదట. కంప్లెయింట్ క్లోజ్ చేశారు.

ఆ సాయంత్రం పార్కింగ్ లాట్‌లో నిశాంత్‌ని ఆపింది.

“నీకు తెలుసా, తెలీదా? అదొక్కటి చెప్పు.”

అతను తల వంచుకున్నాడు. “తెలుసక్కా. ఫస్ట్ రోజే కాలిన్ చెప్పిండు.”

“స్కానర్ దొరికిన సంగతి?”

“అదీ తెలుసు. చెప్తే ఫీల్ అయితవని...”

“నువ్వూ అలాగే పిలిచావు కదరా. నా డబ్బాలో అన్నం తింటూ పిలిచావు.”

“నా ఎక్స్‌టెన్షన్ పేపర్స్ మీద సైన్ పెట్టేది ఆయనే అక్కా. నన్నేం చేయమంటవ్?”

ఉమ వీసా కాగితాల మీద సంతకం పెట్టేదీ కాలినే. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చింది. అనకుండానే కారెక్కింది.

జూన్‌లో వేరే కంపెనీలో ఉద్యోగం దొరికింది. చివరి రోజు టీమ్ ఒక కార్డు ఇచ్చింది. కాలిన్ మొదటిసారి ఆమె పూర్తి పేరు రాశాడు, స్పెల్లింగ్ తప్పుగా. నిశాంత్ కింద తెలుగులో రాశాడు: ‘మిస్ యూ అక్కా.’ అందరి రాతల్లోకీ అతని అక్షరాలే గుండ్రంగా, అందంగా ఉన్నాయి. ఉమ అందరికీ థాంక్స్ చెప్పింది. కార్డుని బల్ల మీద బోర్లించి, బ్యాడ్జ్ సెక్యూరిటీకి ఇచ్చి బయటికి నడిచింది.