కుట్టు పడని పిట్ట

నా కబుర్లు సగం కొట్టేసి వినాలని మా ఊళ్లో అందరికీ తెలుసు. దీంట్లో ఏ సగం కొట్టేయాలో మాత్రం నాకే తెలియదు.

మా చెల్లెలు కూర్మమ్మది పొందూరు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి నూలు వడికే చెయ్యి. కూతురు ఝాన్సీ తొలికాన్పుకి పుట్టింటికి వచ్చినప్పుడు, పుట్టబోయే బిడ్డ కోసం గుడ్డపిట్ట కుట్టింది. ముక్కు మీద ఇంకో ముక్కు ఎక్కి కూర్చున్నట్టుండే అడవిపిట్ట అది. ఆ జాతిలో ఆడది చెట్టు తొర్రలోకి దూరి, లోపలినుంచి మట్టి మెత్తుకుంటుంది. ముక్కు పట్టేంత చీలిక వదులుతుంది. మగడు అందులోంచి పళ్లు అందిస్తాడు.

అంతకుముందు మా బావ నూకయ్య కిటికీ చేయించడానికి కొండ దిగువనుంచి దుంగ కొని తెచ్చాడు. కోతలో తొర్ర బయటపడింది. లోపల ఎండిన మట్టి, ఈకలు, సన్నటి ఎముకలు.

"లోపలే ఉండిపోనాది, పాపం" అని బావ అన్నం సరిగా తినలేదు. అయినా కిటికీ చేయించాడు. ఆ ఈకలు చూసే చెల్లెలు బొమ్మకి రంగులు ఎంచింది.

వాళ్లింట ఒక పట్టింపు ఉంది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా ఏ కుట్టూ ముగించరు. అందుకని బొమ్మలో పత్తి కూరి, పొట్ట దగ్గర చీలిక అలాగే వదిలేసి, ఆ కిటికీకే వేలాడదీసింది.

మర్నాడు చీలికలో నేరేడుపండు ఉంది.

"మావా, ఇది నీ పనే" అంది ఝాన్సీ.

"నేరేడుపండు దొరికితే నాను తిననేటే? బొమ్మకెందుకు పెడతాను?"

తర్వాత ఒకరోజు ఆ జాతి మగపిట్టే పండు తేవడం చూశాం. రెక్కల చప్పుడు విని లారీ వస్తోందనుకుని పక్కకి తప్పుకున్నాను. పండు చీలికలో పెట్టి, కాసేపు చూసి వెళ్లేది. సాయంత్రానికి పండు ఉండేది కాదు. బొమ్మ కింద గింజ ఉండేది, ఎవరో చప్పరించి వదిలినట్టు.

ఝాన్సీకి ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్లాక కూర్మమ్మ సూది తీసింది.

"ముయ్యకే" అన్నాడు బావ. "ఒకపాలి మూసుకున్నదాని గతి సూసినాం గదా."

"ఆ మగపిట్ట తినడం మానేసి పత్తికి మేపతన్నాది. సిక్కి సగమయిపోనాది. పెళ్లాం లేదని దానికి తెలవాల."

"ఆ సంగతి నువ్వు సెప్తావేటి?" అన్నాను నేను. చెల్లెలు పత్తి సర్దడానికి చీలికలో వేలు పెట్టి, వెంటనే తీసేసింది.

"ఏటయినాది?" అన్నాడు బావ.

"లోపల ఎచ్చగున్నాది."

వేలి కొన మీద చిన్న నొక్కు, చుట్టూ నేరేడు రంగు. ఆమె సూది పక్కన పెట్టి బొమ్మని మళ్లీ కిటికీకి కట్టింది.

తెల్లారేసరికి చీలిక మూసుకుపోయి ఉంది. దారంతో కాదు, మట్టితో. లోపలినుంచి మెత్తింది, ఇంకా తడిగా ఉంది. మా పొలాల నల్లమట్టి కాదు, కొండ ఎర్రమట్టి. మధ్యలో ముక్కు పట్టేంత సందు. పిట్ట వచ్చి పండు అందించింది. లోపలినుంచి ఎవరో అందుకున్నారు.

మనవరాలికి కూర్మమ్మ ఇంకో బొమ్మ కుట్టింది. ఈసారి చేప. పొట్ట గట్టిగా కుట్టేసింది. ఆ కిటికీ తలుపులు మాత్రం వాన జల్లు లోపలికి కొడుతున్నా వాళ్లు మూయరు.