'లెట్' అంటే

టిఫిన్ డబ్బాలకు మూతలు బిగిస్తుంటే హాల్లోంచి మా ఆయన గొంతు వినిపించింది. "ఉద్యోగం చేయనిస్తున్నాను కదా, ఇంకా ఆ మొహం ఏంటి?"

ఇస్త్రీ చేసిన చొక్కా కాలరు దగ్గర చిన్న మడత ఉండిపోయింది. అంతే విషయం. "పోనీలెండి, ఇంకోటి తెస్తాను" అన్నాను. గొంతు మామూలుగా ఉంచుకోవడం నాకు బాగా అలవాటే. మూత జారి కింద పడింది. బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న మా అమ్మాయి తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

అది చదివే బళ్ళోనే నేను ఇంగ్లీషు చెబుతాను. ఇంట్లో దానికి అమ్మని, ఆరో తరగతిలో టీచర్ని. ఆ రోజు పాఠం 'లెట్' అనే క్రియ. చూడ్డానికి చాలా చిన్న మాట. నిన్న జరిగినా లెట్టే, ఇవాళ జరుగుతున్నా లెట్టే, రూపం మారదు. అలౌ, పర్మిట్ దీని అక్కలు, కాస్త మంచి బట్టలు కట్టుకుని ఆఫీసులకు వెళ్ళే రకం. రానివ్వు, తిననివ్వు, ఆడుకోనివ్వు అని మనం అనేవన్నీ ఇందులోనే ఇమిడిపోతాయి. దీని తర్వాత 'టు' పెట్టకూడదని బోర్డు మీద రాసి కింద గీత గీశాను. "మనం పోనీలే అంటాం చూడండి, అందులోనూ ఇదే ఉంది. పోనివ్వు అన్నదే పోనీ అయింది" అన్నాను. వెనక బెంచీ పిల్లాడొకడు లేచి, "అయితే టీచర్, మా బామ్మ పొద్దస్తమానం ఇంగ్లీషే మాట్లాడుతోందన్నమాట!" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

తర్వాత తలా ఒక వాక్యం చెప్పమన్నాను. మా అన్న నన్ను సైకిలు ముట్టుకోనివ్వడు. మా అమ్మ నన్ను వానలో తడవనివ్వదు. అందరూ కాదనే మాటతోనే చెబుతున్నారు. పిల్లలకు లెట్ అలాగే పరిచయమవుతుందేమో అనుకుంటుండగా మా అమ్మాయి వంతు వచ్చింది. లేచి నిలబడి, నా వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ అప్పజెప్పినట్టు చెప్పింది.

"మై ఫాదర్ డజ్ నాట్ లెట్ మై మదర్ బోల్ట్ ద బాత్రూమ్ డోర్."

వాక్యంలో తప్పేమీ లేదు. 'టు' కూడా పెట్టలేదు. "గుడ్, సిడౌన్" అనేశాను, అలవాటు కొద్దీ. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ ఆ వాక్యం నా చెవిలోకి దిగలేదు. మా నాన్న మా అమ్మని బాత్రూం గడియ వేసుకోనివ్వడు. ఎవరో కిసుక్కుమన్నారు. ముందు బెంచీలో కూర్చునే అకౌంటెంటు గారమ్మాయి మాత్రం నవ్వలేదు, వెనక్కి తిరిగి మా అమ్మాయిని చూసి, నన్ను చూసింది. వాళ్ళ నాన్న, మా ఆయన ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో కూర్చుంటారు. మధ్యాహ్నం భోజనానికి ఆ అమ్మాయీ, వాళ్ళ నాన్నా ఇంటికే వెళ్తారు.

పెళ్ళయిన కొత్తలో ఏదో మాటకి ఏడుపొచ్చి, బాత్రూంలోకి వెళ్ళి గడియ వేసుకుని, కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ సాయంత్రమే ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చి గడియ ఊడదీశారు. "మొగుడూ పెళ్ళాల మధ్య గడియలేంటే?" అన్నారు నవ్వుతూ. అత్తయ్యేమో "కాలు జారి పడ్డావనుకో, తలుపు పగలగొట్టుకుంటామా? వాడు నీ మంచికే చేశాడు" అంది. అప్పట్నుంచీ ఆ తలుపు ఎప్పుడైనా తెరుచుకోవచ్చు. ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడి, స్టాఫ్ రూంలో ఎవరెవరున్నారు, ఏం మాట్లాడావు, ఎందుకు ఆలస్యమైంది అని అడుగుతుంటారు. కళ్ళలో సబ్బు నురగతో నేను జవాబులు చెబుతుంటాను. ఒక్కసారి చెయ్యెత్తలేదు. దెబ్బ ఉంటే చూపించొచ్చు. దీన్నెలా చూపించడం, ఏమని చెప్పడం? ఒకసారి ఫోన్లో మా అక్కకి చెప్పబోతే, "ఓస్, ఇంతేనా! తాగడు, కొట్టడు, బంగారంలాంటి మొగుడే. సర్దుకుపో" అంది. ఈ మధ్య నేను స్నానానికి వెళ్ళగానే మా అమ్మాయి పుస్తకాలు తెచ్చుకుని బాత్రూం తలుపుకు వీపు ఆనించి కూర్చుంటోంది. ఎందుకే అక్కడ అంటే, "ఇక్కడ చల్లగా ఉంటుందమ్మా" అంది. నమ్మినట్టు నటించాను.

మధ్యాహ్నం డబ్బా మూత తియ్యలేదు. వరండాలో చెప్పుల చప్పుడైతే చాలు, గుమ్మం వైపు చూసేదాన్ని. ముందు దాని మీదే కోపం వచ్చింది, ఇంత పని చేస్తావా అని. ఆ వెంటనే భయం వేసింది, సాయంత్రం నా కోసం అది ఎక్కడ కూర్చుంటుంది, దాని కోసం ఎవరు కూర్చుంటారు అని. చివరి పీరియడ్‌లో ఆయా గుమ్మంలో నిలబడింది. "మేడమ్, పెద్ద మేడమ్ గారు రమ్మంటున్నారు. సార్ వచ్చారు."

ప్రిన్సిపాల్ గదిలో ఆయన కాలు మీద కాలు వేసుకుని, బయటివాళ్ళ కోసం దాచిపెట్టుకునే చిరునవ్వుతో కూర్చున్నారు. మా అమ్మాయి బీరువా పక్కన నిలబడి ఉంది.

"పిల్లలు కదా మేడమ్, టీవీలో ఏదో చూసి అనేస్తుంటారు" అన్నారు ప్రిన్సిపాల్. ఆవిడ చెడ్డ మనిషి కాదు. "ఊరికే అన్నాను, సారీ అని పాప చేత చెప్పించేస్తే ఇక్కడితో అయిపోతుంది."

"మా దానికి ఊహలెక్కువండీ" అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగి మెత్తగా, "నువ్వే చెప్పు, మనింట్లో అలాంటిదేమైనా ఉందా?" అన్నారు. ఆ మెత్తదనం నాకు తెలుసు. ఇంటికెళ్ళాక జరగబోయేదంతా అందులో ఉంది.

పోనీలెండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు మా అమ్మాయి నోరు తెరిచింది. "సారీ మేడమ్, నేనే..." అంటోంది. నన్ను కాపాడ్డానికి అది అబద్ధం ఆడబోతోంది. పదకొండేళ్ళ పిల్ల.

"ఆగమ్మా" అన్నాను. "పాప చెప్పింది నిజమే మేడమ్. మా బాత్రూంకి గడియ లేదు, ఆయనే ఊడదీశారు. నేను లోపలుండగా వస్తారు. వద్దన్నా వస్తారు."

కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాను. ఆయన నవ్వి, "చూశారా, తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఒకటే" అన్నారు. ప్రిన్సిపాల్ నవ్వలేదు. అలాగని నా పక్షమూ మాట్లాడలేదు. "ఇంటి విషయాలు ఇంట్లోనే..." అంటూ టేబుల్ మీది అద్దం వైపు చూస్తూ ఆగిపోయారు.

గేటు బయట ఆయన స్కూటర్ స్టార్ట్ చేశారు. "ఎక్కండి. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

మాట్లాడుకుందాం. ఇంగ్లీషులో అదీ లెట్‌తోనే మొదలవుతుంది, లెట్ అజ్ టాక్ అని. ఆ 'అజ్' అంటే మనమిద్దరం. మా ఇంట్లో ఆ ఇద్దరూ ఆయనొక్కరే.

"మేం రావడం లేదు. అక్క వాళ్ళింటికి వెళ్తున్నాం."

"ఎవర్నడిగి?"

ఇళ్ళకు వెళ్తున్న పిల్లలూ, తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లులూ ఆగి చూస్తున్నారు. నలుగురూ చూస్తున్నారని ఎన్నడూ లేనంత ధైర్యం వచ్చింది. "ఎవర్నీ అడగలేదండీ" అన్నాను. నా గొంతు నాకే సన్నగా వినిపించింది. అమ్మాయి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటాను. వెనక స్కూటర్ ఇంజను ఆగలేదు, కదలనూ లేదు. బస్సు ఎక్కి సీట్లో కూలబడ్డాక కూడా నా చెవుల్లో ఆ చప్పుడే.

కాసేపటికి మా అమ్మాయి నా చెంగు లాగింది. "అమ్మా, పెద్దమ్మ మనల్ని రానిస్తుందా?"

"తెలీదమ్మా" అన్నాను. "ముందు వెళ్ళి తలుపు కొడదాం."